వేర్లు పైకి

మొన్న పొద్దున మా గేటుకి ఒక తీగను తలకిందులుగా వేలాడదీశాను. అండమాన్‌లో డైరీ ఫార్మ్ అనే ఈ పేటలో మా ఇల్లు వీధి మలుపు మీద ఉంటుంది కాబట్టి నేనేం చేసినా నలుగురి కంటా పడుతుంది. ప్రహరీ గోడకీ మురికికాలువకీ మధ్య ఒక పగులుంది. వానలు మొదలవగానే ఆ తీగ అందులోంచి లేచింది, చూస్తుండగానే పాకి మా మల్లెపాదు మెడ పట్టుకుంది. మోకాళ్ళు మొరాయిస్తున్నా కింద చతికిలబడి, వేరు తెగకుండా మట్టి కదిలించి, మొత్తంగా లాగి దులిపి, వేర్లు ఆకాశం వైపు ఉండేలా గేటు చువ్వల మీద వేశాను. పాల ప్యాకెట్టు పట్టుకుని వెళ్తున్న ఎదురింటావిడ ఆగిపోయింది. "దీదీ, యే నజర్ కే లియే హై క్యా?" అని అడిగింది. దిష్టి తీయడానికి కట్టాననుకుంది పాపం. "నజర్ కాదమ్మా, గడ్డి. సూఖ్‌నే కే లియే," అన్నాను, ఎండడానికని. ఆవిడ నమ్మినట్టు లేదు. సాయంత్రానికి ఆవిడ గేటుకి కూడా ఏదో తీగ వేలాడుతోంది. కాకపోతే వేర్లు కిందికి ఉన్నాయి.

మా మనవడైతే నవ్వాడు. "అమ్మమ్మా, స్ప్రే మార్ దో నా, ఖతమ్ అయిపోతుంది," అన్నాడు. వాడికి తెలుగు నాలుక మీద ఉంది గానీ కళ్ళలోకి ఎక్కలేదు. ఇది నేను రాస్తున్నానని తెలిసినా చదవలేడు, నేనే చదివి వినిపించాలి. సరే, వినిపిస్తాను. కలుపు తీయడమంటే ఏమిటో, దాని కోసం ఒక మనిషి సంఘమంతటి ఎదుటా లేచి నిలబడడమంటే ఏమిటో వాడికి తెలియాలి. ఆ మనిషి మా అత్త. మా నాన్నకి చెల్లెలు. పొట్టిగా, నల్లగా, నవ్వితే ఒక పక్కే నవ్వే మనిషి.

మా వాళ్ళు సముద్రం మనుషులు. ఉత్తరాంధ్ర ఒడ్డున వలలు లాగిన చేతులు జెట్టీ పనికి కుదిరి సముద్రం దాటి హాడో రేవు చేరాయి. మా నాన్న పని ఓడ కింద నిలబడి క్రేను నడిపేవాడికి కేకలేసి సైగలు చేయడం. ఆ పని ఆయన గొంతు పెంచిందో, ఆ గొంతు చూసే పనిచ్చారో తెలియదు గానీ, ఇంట్లో ఉప్పు అడిగినా ఓడలోంచి పెట్టె దించుతున్నట్టే ఉండేది. అది చాలదన్నట్టు ఆయన మా తెలుగు సంఘంలో పెద్ద. పాస్టరుగారు లేని ఆదివారాలు వాక్యం చెప్పేది ఆయనే. జెట్టీలో ఆయన చెయ్యి ఎత్తితే పెట్టె లేచేది, దించితే దిగేది. ఇంట్లో మేమూ అలాగే లేచి దిగాలనుకునేవాడు. మేము చాలావరకు అలాగే చేసేవాళ్ళం. అత్త ఒక్కతే గాల్లో ఆగిపోయేది.

అత్త మొగుడు, మా మావయ్య కూడా జెట్టీ మనిషే. స్వాతంత్ర్యం వచ్చాక దీవుల్లో అడవులు కొట్టి ఊళ్ళు వేస్తున్న రోజులవి. ఎక్కడెక్కడి వాళ్ళో ఓడలు దిగి భూములు తీసుకుంటుంటే ఆయనకీ మనసు పుట్టింది. ఇంకో దీవిలో, రంగత్ అవతల కొత్తగా వెలుస్తున్న ఊళ్ళో ఒక కొండ వాలు సంపాదించాడు. మొగుడూ పెళ్ళామూ వెళ్ళి, పెద్ద చెట్లు కొట్టించి, తుప్పలు నరికి, తాటాకులాంటి ఏదో అడవి ఆకుతో గుడిసె కప్పుకున్నారు. చెట్లు పోయినా పడౌక్ అనే గట్టి చెట్ల మోడులు మాత్రం భూమిలో పాతుకుని అక్కడే ఉండిపోయాయి, తొలగించాలంటే ఏనుగులు కావాలి. ఇంకా ఒక్క పంటైనా వెయ్యకముందే మావయ్యకి జ్వరం తగిలింది. ఆ వానల్లో రంగత్ ఆసుపత్రి దాకా మోసుకెళ్ళేలోపే పోయాడు. పిల్లల్లేరు. అత్త ఒక్కతే ఆ మోడుల మధ్య మిగిలింది.

భూమి ఇచ్చిన ఆఫీసు వాళ్ళు వచ్చి చూసి, పంట తీసి చూపిస్తే ఆమె పేరు మీదికి మారుస్తామన్నారు. తీయలేకపోతే అడవి మళ్ళీ ఎక్కేలోగా ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. నాన్న ఆ మాట విని సంతోషించాడు. చెడ్డవాడై కాదు. చెల్లెలంటే ప్రాణం, అడవిలో ఒంటరిగా ఉందంటే ఆయనకి అన్నం సయించేది కాదు. "నా ఇంట్లో నీకు ముద్ద తక్కువేటి? ఓడెక్కీసి వచ్చీ సెల్లీ," అని కబురు మీద కబురు పంపేవాడు. అత్త ఒకే జవాబు పంపేది: "నీ ఇంట్లో ముద్ద ఉంది అన్నియ్యా. నాకు గుమ్మం కావాల." ఈ మాట మా అమ్మకి ఎంత నచ్చిందంటే, నాన్న లేనప్పుడు వంటింట్లో తనలో తానే అనుకుని నవ్వుకునేది.

మొదటి పంట సంగతి చెప్పాలి. అలాంటి పొరపాటు మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేసి ఉండరు. మాకు వల తెలుసు, గాలి తెలుసు, ఏ నెలలో ఏ చేప ఒడ్డుకొస్తుందో తెలుసు. మట్టి తెలియదు. మాకు తెలిసిన వ్యవసాయమంతా ఆదివారం ప్రసంగాల్లోంచి వచ్చిందే. విత్తువాడు విత్తడానికి బయలుదేరాడు, కొన్ని దారిలో పడ్డాయి, కొన్ని రాతి నేల మీద పడ్డాయి అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా. అందుకని అత్త మొక్కజొన్న గింజల్ని ఒళ్ళో పోసుకుని వాలు పొడుగునా చల్లుకుంటూ పోయింది. ఆమె లెక్కలో విత్తడమంటే అదే. కొన్ని నిజంగానే రాళ్ళ మీద పడ్డాయి. అక్కడితో ఆగితే బాగుండేది. గోధుమ చేలో శత్రువు గురుగులు చల్లిన కథ కూడా మాకు కంఠతా వచ్చు. పనివాళ్ళు పీకేస్తామంటే యజమాని వద్దంటాడు, వాటితో పాటు గోధుమా ఊడొస్తుంది, కోత దాకా రెండిటినీ కలిసి పెరగనివ్వమంటాడు. అత్త ఆ యజమాని మాట తు.చ. తప్పకుండా పాటించింది. గడ్డి మొలిచింది, ఊరుకుంది. తుంగ లేచింది, ఊరుకుంది. పేరు తెలియని ఒక తీగ అడవి అంచు నుంచి దిగొచ్చి మొక్కల భుజాల మీదికి ఎక్కి కూర్చుంది. పిలవకుండా వచ్చి, తిని, పడుకుని, ఇక వెళ్ళని బాపతు కాబట్టి దానికి అత్త 'చుట్టంతీగ' అని పేరు పెట్టింది. పేరు పెట్టి ఊరుకుంది.

కోతకాలం వచ్చేసరికి కొయ్యడానికి ఏమీ లేదు. మొక్కలు చీపురుపుల్లల్లా పసుపు తిరిగి నిలబడ్డాయి. పొత్తు విప్పితే ముసలాడి నోట్లో పళ్ళలా అక్కడొకటి ఇక్కడొకటి గింజలు. ఆఫీసు మనిషి వచ్చి తల అడ్డంగా ఊపి, ఇంకొక్క వానకాలం చూస్తానని చెప్పి పోయాడు. పక్క వాలు మీద ఉండే రాంచీ దీదీ నవ్వాపుకోలేక గుడిసె గుమ్మంలో కూలబడిందట. ఆమెది రాంచీ వైపు కొండల్లోంచి అడవి పనికి వచ్చిన కుటుంబం, మొక్కజొన్నలో పుట్టి మొక్కజొన్నలో పెరిగిన మనిషి. "ఘాస్ క్యోఁ నహీఁ నికాలీ బహిన్?" అని, గడ్డెందుకు తియ్యలేదని అడిగితే అత్త గురుగుల కథ చెప్పింది. దీదీ మెడలోని సిలువను చూపించి, "హమ్ భీ వహీ ప్రభు కో మాన్‌తే హైఁ. పర్ మకయీ మేఁ ఘాస్ నికాల్‌తే హైఁ," అందట. మేమూ ఆ ప్రభువునే నమ్ముతాం గానీ మొక్కజొన్నలో గడ్డి పీకుతాం అని. ఈ సంగతి అత్త నాకు చెప్పినప్పుడల్లా దీదీ గొంతుతోనే చెప్పేది.

రెండో వానకాలం మొదట్లో నాన్న నన్ను పంపాడు. నాకు పద్దెనిమిదేళ్ళు దాటాయి. టైపు నేర్చుకుంటానంటే వద్దన్నారని ఇంట్లో అన్నం మీద అలిగి ఉన్నాను. "నీకు పనీ లేదు, మీ అత్తకి బుద్ధీ లేదు. ఎల్లి దాన్ని తోడ్కొని వచ్చీ," అన్నాడు నాన్న. హాడోలో ఓడెక్కి, రంగత్ దగ్గర దిగి, అక్కణ్ణుంచి బురదలో నడిచి వెళ్ళేసరికి నా కాళ్ళకి జలగలు పట్టాయి. అత్త వాలు మీద ఉంది. ఒక చివర మోడుకి తాడు కట్టి, రెండో చివర పట్టుకుని బిగలాగుతోంది. అది మావయ్య వల తాడు. బెండ్లు కట్టడానికి సమానమైన దూరాల్లో వేసిన ముడులు దానికి ఇంకా ఉన్నాయి. తాడు బిగించి, ఒక్కో ముడి కింద వేలితో గుంట చేసి రెండేసి గింజలు వెయ్యడం, తాడు జరపడం, మళ్ళీ బిగించడం. "ఏటలా సూస్తావు? ఆ కొస పట్టు," అంది. నేను వచ్చిన పని చెప్పేలోపే కొస నా చేతిలో ఉంది. సాయంత్రానికి వాలుకి అడ్డంగా సాళ్ళు తీరాయి. సముద్రం మనుషులు గీసిన సాళ్ళు కాబట్టి చాలా తిన్నగా ఉన్నాయని ఇప్పటికీ నా గర్వం.

రాత్రి గంజి తాగుతూ నాన్న మాట చెప్పాను. అత్త కోప్పడలేదు. "అలగే. పంట పోతే నువ్వు సెప్పకపోయినా వస్తాను. పండితే నువ్వు రమ్మన్నా రాను. ఈలోగా కూకోని తింతావా, కలుపు తీస్తావా?" అంది. కూర్చుని తినే ముఖం నాకు లేదు. అయినా నిజం చెప్పాలంటే, హాడోలో నన్ను ఏదైనా అడిగి చేసినవాళ్ళు లేరు. అత్త అడిగింది.

కలుపంటే గడ్డి కనిపించినప్పుడు పీకడం అనుకునేదాన్ని. కాదు. మొక్కజొన్న మొలిచి నాలుగైదు ఆకులు వేసి, పిల్లచేష్టగా గాలికి ఊగుతుండే సమయంలోనే మొదటి కలుపు పడాలి. రాంచీ దీదీ గట్టు మీద నిలబడి చెప్పేది, బిడ్డ పాలు తాగే వేళ పక్కింటి పిల్లలు రొమ్ముకి ఎగబడితే బిడ్డ ఏం తాగుతుందని. మొక్క మోకాలు దాటేలోగా ఒకసారి, తొడ దాటేలోగా రెండోసారి. ఆ తర్వాత మొక్కే తన నీడతో గడ్డిని తొక్కుతుంది. ఆ కొన్ని వారాలు ఏమరుపాటుగా ఉంటే తర్వాత నెలల తరబడి వంగినా పోయింది తిరిగి రాదు. అత్త చేతిలో బొరిగె, నా చేతిలో ఒక విరిగిన దావ్, తుప్పలు నరికే కత్తి. సాలుకి ఆ వైపు ఆమె, ఈ వైపు నేను. గడ్డిని మొదలంటా కదిలించి, మొక్కజొన్న వేరు తెగకుండా ఎడమచేత్తో దాని మొదలు అదిమిపట్టి, కుడిచేత్తో పీకడం. మొదటి మూడు రోజులు నా నడుము నాది కాదు. నాలుగో రోజు నుంచి ఎవరిదైతేనేం అనిపించింది.

అసలు ఇబ్బంది పీకడంలో లేదు. అండమాన్ వాన మీకు తెలియనిది కాదు, తెలియకపోతే చెప్తాను: ఆగదు. పీకి పక్కన పడేసిన గడ్డి ఆ రాత్రి వానకి తెల్లారేసరికి మళ్ళీ వేరూని, మనకేసి చూసి తల ఊపుతుంది. చుట్టంతీగ అయితే ముక్క చేసి పారేస్తే ముక్కకో మొక్క. చేతిలో పట్టుకుని వాలు కిందికి మోద్దామంటే కాళ్ళు జారతాయి. రెండుసార్లు అలా అయ్యాక అత్త చుట్టూ చూసింది. మోడులు కనిపించాయి. మావయ్య తీయలేక వదిలిన మోడులు, నడుమెత్తున, ఎర్రగా, వాలంతా నిలబడి ఉన్నవి. పీకిన గడ్డిని మట్టి దులిపి, వేర్లు పైకి వచ్చేలా మోడుల మీద పరచడం మొదలుపెట్టింది. మట్టి అందదు, వాన ఎంత పడ్డా వేర్లకి పట్టు దొరకదు, ఎండ తగిలిన పూటకి మాడిపోతాయి. మాడినదాన్ని తెచ్చి సాళ్ళ మధ్య పరిస్తే కొత్తగా మొలిచేదానికి ఊపిరాడదు. రెండో కలుపుతో పాటు మొక్కల మొదళ్ళకి మట్టి ఎగదోసి, సాళ్ళ నడుమ బొబ్బర్లు చల్లాం. ఎక్కడైనా నేల ఖాళీగా ఉంటే అక్కడ గడ్డికి ఆశ పుడుతుందని, ఆశే లేకుండా చేద్దామని అత్త పంతం. దూరం నుంచి చూసేవాళ్ళకి ఆ కొండ వాలు మీద జుట్టు విరబోసుకున్న మనుషులు వరసగా నిలబడ్డట్టు ఉండేది. అడవి అంచున దుప్పులు కూడా కొన్నాళ్ళు దిగడానికి సంకోచించాయి.

నేను హాడోకి తిరిగి వెళ్ళలేదు, ఉత్తరమూ రాయలేదు. అందుకని నాన్నే వచ్చాడు. శనివారం దిగి, బురదలో తెల్లచొక్కా తడవకుండా నడిచొచ్చి, మోడుల మీద వేలాడే కలుపు చూసి, ఇదేదో చేతబడి వ్యవహారమనుకున్నాడు. నాకు సిగ్గు వేయలేదు, నవ్వొచ్చింది. "కలుపు నాన్నా," అన్నాను. కలుపు అన్న మాట వినగానే ఆయన ముఖంలో దీపం వెలిగింది. చెల్లెల్ని కొండ దించడానికి కావలసిన ఆయుధం దొరికింది కదా. మర్నాడు ఆదివారం. ఆ కొత్త ఊళ్ళో మాలాంటి తెలుగు కుటుంబాలు కొన్ని ఉండేవి, ఆకుల పాకలో చాపలేసుకుని ఆరాధన చేసుకునేవాళ్ళు. హాడో సంఘం పెద్ద వచ్చాడని వాక్యం ఆయన్నే చెప్పమన్నారు. ఆయన గురుగుల కథే తీశాడు.

ఆ గొంతుకి పాక గోడలు అదిరాయి. ప్రభువు పీకొద్దన్నదాన్ని పీకేవాళ్ళు తామే యజమానులమనుకుంటారని, విధవరాలి ధైర్యం మొండితనంగా మారితే సంఘానికే మచ్చ అని, కోత దాకా ఓపిక పట్టడమే విశ్వాసమని, చూపు ఆడవాళ్ళ వైపు చాప మీంచి తిప్పకుండా చెప్పాడు. ముగించే ముందు ఒక మాట అన్నాడు: పంట దేవుడి చేతిలో ఉందని నమ్మేవాళ్ళు ఇవాళ్టి నుంచి కలుపు ముట్టరు. అందరూ అత్త వైపు చూశారు. మా సంఘాల్లో ఆడవాళ్ళు పాట పాడతారు, సాక్ష్యం చెప్తారు, వాక్యానికి ఎదురు చెప్పరు. అత్త కొంగు నెత్తి మీదికి లాక్కుని లేచి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

"అన్నియ్యా, ఆ కతలో గురుగులంటే గడ్డి కాదు. మనుసులు. ఎవుడు మంచోడో ఎవుడు సెడ్డోడో మనకి తెల్దు గనక మనిసిని పీకీకండని పెబువు సెప్పినాడు. నాను మనిసిని పీకట్లేదు, గడ్డి పీకతన్నాను. మనిసిని పీకాలని సూస్తన్నది నువ్వు. నన్ను. ఈ కొండ మీంచి."

నాన్న తలదించుకుని బైబిలు మూశాడు. ఎవరో తెలివైన ముసలమ్మ గబుక్కున పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు, అత్త కూర్చుంది. ఆ పూట ఆమె పాడినంత గట్టిగా ఎప్పుడూ పాడలేదు. నాన్న నాకు తండ్రి, ఆయన తలదించుకోవడం చూసి బాధపడాలి. నేను పడలేదు. ఆ క్షణంలో ఇంటికి వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను.

మధ్యాహ్నం ఆయన వాలు మీదికి వచ్చాడు. కోపం తగ్గింది గానీ పంతం తగ్గలేదు. "అలగైతే ఒక మాట. ఆ మూల సాళ్ళు ముట్టకు, పెబువు మాట పెకారం ఒదిలీ. కోతకాడ సూద్దాం. నీ సాళ్ళూ నా సాళ్ళూ ఒక్కలాగుంటే ఓడెక్కుతావా?" అన్నాడు. నేను వద్దని అత్త కొంగు లాగాను. ఉన్నదే చిన్న వాలు, అందులో కొంత పోతే ఆఫీసు మనిషికి ఏం చూపిస్తాం? అత్త ఒక పక్క నవ్వు నవ్వింది. "ఎక్కుతాను. కానీ ఆ మూలేటి, రాళ్ళుంటాయి. తర్వాత నేల బాగోలేదంతావు. ఇదిగో, ఈ మూల తీసుకో," అని మట్టి నల్లగా, మెత్తగా ఉన్న మూల సాళ్ళు చూపించింది. మొత్తం వాలులో అంతకన్నా మంచి మట్టి లేదు. నాన్న ఆ సాయంత్రమే ఓడకి బయలుదేరాడు. రాంచీ దీదీ విని, "పాగల్ హో గయీ క్యా!" అని, పిచ్చి పట్టిందా అని నెత్తి కొట్టుకుంది.

ఆ సాళ్ళకి 'అన్నియ్య సాళ్ళు' అని పేరు పడింది. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేవాళ్ళం. మొదట్లో నాకు భయం వేసింది. మంచి మట్టి కదా, అక్కడి మొక్కలు కూడా బాగానే లేచాయి, కొన్నాళ్ళు మావాటి కన్నా పచ్చగా కూడా ఉన్నాయి. అత్త ఒక్కరోజు కూడా బెదరలేదని చెప్పలేను, ఒకసారి అక్కడ కూర్చుని చాలాసేపు లేవలేదు. తర్వాత ఆ మంచి మట్టిని ముందు కనిపెట్టింది గడ్డి. తుంగ, గరిక, చివరికి చుట్టంతీగ అన్నీ ఆ మూలకే చేరాయి. మొక్కజొన్న ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. అక్కణ్ణుంచి ఏ పోగైనా మా సాళ్ళలోకి తొంగిచూస్తే అత్త బొరిగెతో సరిహద్దులోనే తెగ్గొట్టేది. మా వైపు మొక్కలు నన్ను దాటిపోయాయి. ఆకు మీద ఆకు పరుచుకుని కింద చీకటి చేశాయి. పూత వచ్చింది, పీచు జారింది. పొత్తుల్లో పాలు పడుతున్నాయని చిలకలకి తెలిసిన రోజు నుంచి ఇద్దరం రేకు డబ్బా కొడుతూ కాపలా కాశాం.

ఆఫీసు మనిషి కోతకి ముందే వచ్చాడు. సాళ్ళ మధ్య నడిచాడు, ఒక పొత్తు విప్పి చూశాడు, మొదలు నుంచి కొస దాకా గింజకీ గింజకీ మధ్య గోరు దూరనంత నిండుగా ఉంది. మోడుల మీది ఎండుగడ్డి ఏమిటని అడిగాడు, చెప్పాం. మూలనున్న ఆ అడవి ఏమిటని అడిగాడు. "వహ్ మేరే భాయీ కా ఖేత్ హై," అంది అత్త, అది మా అన్న పొలమని, ముఖంలో ఏ భావమూ లేకుండా. ఆయనకి ఏం అర్థమైందో గానీ, భూమి ఆమె పేరు మీదికి ఎక్కుతుందని చెప్పి వెళ్ళాడు. ఆయన మలుపు తిరిగాక అత్త బొరిగె కింద పడేసి, సాలు మధ్యలో కూలబడి ఏడ్చింది. మావయ్య పోయినప్పుడు కూడా అంత ఏడవలేదని దీదీ చెప్పింది.

కోత పండగకి నాన్న వచ్చాడు. మా సంఘాల్లో కోతకాలంలో ఎవరికి పండింది వాళ్ళు మొదటి ఫలంగా తెచ్చి ప్రార్థన ఇంట్లో పెడతారు. కొబ్బరికాయలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, ఒకరు కట్టేసిన కోడిపుంజును కూడా తెచ్చారు. అత్త రెండు గంపలు తెచ్చింది. ఒకదాంట్లో పీచు ఒలిచిన పసుపు పొత్తులు నిండుగా. రెండోదాంట్లో అన్నియ్య సాళ్ళ పొత్తులు, బొటనవేలంతవి, దొరికినన్నీ. రెండూ పక్కపక్కనే, నాన్న కాళ్ళ ముందు పెట్టి వచ్చి చాప మీద కూర్చుంది. అర్పణ మీద ప్రార్థన చేయాల్సింది ఆయనే. మామూలుగా ఆయన ప్రార్థన మొదలుపెడితే పిల్లలు ఒక కునుకు తీసి లేచేవాళ్ళు. ఆ రోజు కొందరు కళ్ళు మూసుకోకముందే ఆమెన్ వచ్చేసింది.

భోజనాలయ్యాక ఆయన కనిపించలేదు. వెతుక్కుంటూ వాలు మీదికి వెళ్ళాం. నాన్న తెల్లచొక్కా చేతులు మడిచి తన సాళ్ళలో వంగి కలుపు పీకుతున్నాడు. కోత అయిపోయింది, ఇక పీకి ప్రయోజనం లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒకప్పుడు వలలు లాగిన చేతులు కాబట్టి తీగ పట్టుకుంటే పొదంతా కదిలి వస్తోంది. లాగిందంతా మోసుకెళ్ళి మోడు మీద వేస్తున్నాడు. అత్త కాసేపు చూసింది. నేను ఆమె ఏదో అంటుందనుకున్నాను, అనడానికి కావలసినంత ఉంది. చివరికి గట్టు మీంచి కేకేసింది: "వేర్లు పైకి అన్నియ్యా! కిందకి పెడితే మల్లీ మొలుస్తాది." క్రేను కింద నిలబడి ప్రపంచానికి సైగలు చేసిన మా నాన్న, వేసినదంతా ఒక్కొక్కటే తిరగేశాడు. సాయంత్రం ఓడకి వెళ్తూ నా వైపు చూశాడు. "నేను రాను నాన్నా, ఇంకా పొత్తులు ఒలవాలి," అన్నాను. తల ఊపి, గంప ఎత్తుకుని బయలుదేరాడు. అందులో నిండు పొత్తులే ఉన్నాయి, అత్తే సర్దింది.

నేను చాలా వానకాలాలు అక్కడే ఉన్నాను. రంగత్ వెళ్ళి టైపు కూడా నేర్చుకున్నాను. దాని వెనకే ఉద్యోగం, పెళ్ళి, ఈ డైరీ ఫార్మ్ ఇల్లు వచ్చాయి. అత్త పోతూ ఆ వాలు నా పేరున పెట్టింది. ఇప్పుడక్కడ రాంచీ దీదీ మనవలు పోకలు వేశారు, సాళ్ళ నడుమ వానకాలం మొక్కజొన్న వేస్తారు. అమ్మేయమని మా వాళ్ళే పోరుతుంటారు, ఇంత దూరాన ఉండి ఎందుకంటారు. అమ్మను. నాక్కూడా గుమ్మం కావాలి.

గేటు మీది తీగ ఎండిపోయింది. పొద్దున చూస్తే ఆ పగులులోంచి మరొకటి తల ఎత్తింది, ఎక్కడో పోగు మిగిలి ఉంటుంది. మనవణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టి, వేరు తెగకుండా ఎలా కదిలించాలో చూపించాను. వాడు లాగి, నన్ను అడక్కుండానే చువ్వల మీద సరిగ్గా వేశాడు. కాలం నా మోకాళ్ళు తీసుకుంది, అత్తని తీసుకుంది, నాన్న గొంతును కూడా తీసుకుంది, అడగకుండానే ఇంకా తీసుకుంటుంది. తీసుకోనీ. అది ఎన్ని వానలు వెంటబెట్టుకొచ్చినా సరే, నేను చూస్తుండగా నా సాలులో మాత్రం దాన్ని వేరూననివ్వను.